అద్దె ఇంట్లో రేడియో స్టేషన్: నెల్లూరు, ఒంగోలు ఊళ్లలో ఆఫీసు, స్టూడియో కట్టుకునే పద్ధతి

రేడియో ఆఫీసు ఇంటీరియర్ అనగానే చాలామంది రిసెప్షన్ గోడకి ఏ రంగు, లోగో ఎక్కడ, లైట్లు ఎన్ని అని మొదలుపెడతారు. వినేవాళ్ల ఇంటికి చేరేది మాత్రం స్టూడియో గది గొంతు. ఆ గది 120 చదరపు అడుగులే ఉండొచ్చు, బడ్జెట్‌లో సగం దానికే పోనివ్వండి. మిగిలిన దాంతో ఆఫీసు చేసుకోవచ్చు. ఈ వరస తలకిందులై, డబ్బులన్నీ ఫాల్స్ సీలింగుకీ సోఫాలకీ అయిపోయాక స్టూడియో తలుపు దగ్గర చెయ్యి బిగబట్టిన స్టేషన్లలో వార్తల వెనక ఆటో హారన్లు వినపడుతూనే ఉంటాయి.

1. ఇల్లు ఎంచుకోవడం

బోర్డు నలుగురికీ కనపడుతుందని నెల్లూరు ట్రంకు రోడ్డు మీదో, ఒంగోలు కర్నూలు రోడ్డు మీదో ఇల్లు తీసుకోకండి. రెండో వీధిలోకి, వీలైతే మూడో వీధిలోకి వెళ్లండి. చెన్నై–విజయవాడ రైలు మార్గం రెండు ఊళ్ల మీదుగానూ పోతుంది. గూడ్సు బండి వెళ్లేటప్పుడు పుట్టే అదురు నేలలోంచి పునాదికి, స్తంభాలకి, స్లాబుకి ఎక్కుతుంది. గాలిలో వచ్చే శబ్దాన్ని గోడ ఆపుతుంది. నేలలోంచి వచ్చే అదురుని ఆపాలంటే గది మొత్తాన్ని రబ్బరు మీద తేల్చాలి, ఆ ఖర్చు చిన్న స్టేషను భరించేది కాదు. పట్టాలకి దగ్గరైతే అద్దె ఎంత తక్కువైనా వద్దనుకోండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ గదిలో నాలుగు వేళల్లో కూర్చోండి: తెల్లవారుజామున గుడి మైకు పెట్టే వేళ, ఉదయం స్కూలు బస్సుల వేళ, సాయంత్రం, రాత్రి 9 దాటాక. ప్రతిసారీ పది నిమిషాలు ఫోనులో రికార్డు చేయండి, సౌండ్ మీటర్ యాప్‌లో అంకె రాసుకోండి. ఫోను మీటరు కచ్చితంగా ఉండదు, అయినా ఇంటికీ ఇంటికీ మధ్య తేడా చెప్పడానికి సరిపోతుంది. బయట గరిష్ఠంగా 75 డెసిబెల్స్ ఉంటే, స్టూడియోలో మీకు కావలసింది 25 నుంచి 30. అంటే గది 45 నుంచి 50 డెసిబెల్స్ ఆపాలి. రెండు వైపులా పూత ఉన్న 9 అంగుళాల ఇటుక గోడ దాదాపు 50 ఆపగలదు. కాబట్టి మన పాత డాబా ఇళ్ల గోడలు చాలావరకు పనికొస్తాయి. శబ్దం దూరేది తలుపు, కిటికీ, వెంటిలేటరు, పైపు కన్నాల్లోంచే.

ఏ అంతస్తు అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. పెన్నకి దగ్గరి పల్లపు కాలనీల్లో కింది అంతస్తు వద్దు. 2021 నవంబరు వరద చూసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. మధ్య అంతస్తులో పైవాళ్లు కుర్చీ జరిపినా మైకులో పడుతుంది. పై అంతస్తులో ఈ చప్పుళ్లుండవు గానీ మే నెలలో స్లాబు పెనంలా కాలుతుంది. ఈ మూడింట్లో వేడిని తట్టుకోవడమే తేలిక: స్లాబు మీద కూలింగ్ టైల్స్ వేయించండి, లేదా తెల్లటి కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు కొట్టించండి. నీడ కోసమని పైన రేకుల షెడ్డు మాత్రం వేయకండి. ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరులో మొదలైతే డిసెంబరు దాకా ఆ రేకు మీద డప్పు మోగుతూనే ఉంటుంది. స్టూడియో నెత్తిన నీళ్ల ట్యాంకు, మోటారు ఉంటే వాటిని పక్కకి మార్పించే షరతు అగ్రిమెంటులోనే రాయించండి.

టెర్రస్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. కమ్యూనిటీ రేడియోకి ప్రసార శక్తి పరిమితి సాధారణంగా 100 వాట్ల ఈఆర్‌పీ (యాంటెన్నా నుంచి వెలువడే శక్తి లెక్క). యాంటెన్నా నేల నుంచి కనీసం 15 మీటర్లు, గరిష్ఠంగా 30 మీటర్ల ఎత్తులో ఉండాలి. యాంటెన్నాని నిలిపే మాస్టు బరువుకి, తుపాను గాలికి మేడ ఆగుతుందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు చేత చూపించుకోండి, ఇంటి యజమాని ఒప్పుదల కాగితం మీద తీసుకోండి. ప్రైవేటు ఎఫ్ఎం అయితే ట్రాన్స్‌మిటర్ సాధారణంగా ఉమ్మడి టవరు దగ్గర వేరే ఉంటుంది. కార్యక్రమాలు అక్కడికి పంపే వైర్‌లెస్ లింకు వెయ్యాలంటే మీ మేడ మీంచి టవరు కనపడాలి. మధ్యలో ఖాళీ స్థలం ఉంటే, రేపు అక్కడ అపార్టుమెంటు లేస్తే ఏమిటన్నది కూడా ఆలోచించండి.

2. గదుల వరస గీసుకోవడం

స్టూడియోని ఇంటి నడిమధ్యకి లాగండి. చుట్టూ ఉన్న గదులే దానికి మొదటి గోడ అవుతాయి. వీధి వైపు రిసెప్షన్, దాని వెనక మార్కెటింగు, అకౌంట్సు, ఆ తర్వాత ప్రొడక్షన్ గది, కంట్రోల్ గది, దాన్ని ఆనుకుని స్టూడియో. పరికరాలు అరల్లో పేర్చే ర్యాక్ గది కంట్రోల్‌కి ఆనుకుని ఉండాలి, స్టూడియోకి మాత్రం ఆనకూడదు, ఫ్యాన్ల రొద గోడలోంచి వస్తుంది. బాత్రూము గోడ స్టూడియో గోడ ఒకటే అయితే ఫ్లష్ నీళ్లు పైపులో దిగే చప్పుడు ఎంత ఖర్చు పెట్టినా పూర్తిగా పోదు.

యజమానికి వాస్తు పట్టింపు ఉంటే సిద్ధాంతిగారిని ఈ దశలోనే పిలవండి. బరువైన ర్యాకు ఏ మూల, తలుపు ఎటు అన్నది పెన్సిలు గీత మీద మార్చడానికి నిమిషం పడుతుంది. తలుపు బిగించి సీలు చేశాక మార్చమంటే ఆ గోడ పని మొదటికొస్తుంది.

3. గది కొలతలు

10 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గది స్టూడియోకి అన్నిటికంటే చెడ్డది. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగుల దూరంలో ధ్వని 57 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ రెట్టింపు 113 దగ్గర కూడుకుంటుంది. మూడు దిక్కులూ సమానమైతే మూడూ ఒకే చోట కలిసి, మగవాళ్ల గొంతు కుండలో మాట్లాడినట్టు గుమ్మంటుంది. ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 1.14, పొడవు 1.39 అన్న నిష్పత్తి మంచిది: 10 అడుగుల ఎత్తుకి సుమారు 11 అడుగుల 5 అంగుళాలు, 14 అడుగులు. ఉన్న గదిలో ఇది కుదరకపోతే ఒక గోడ ముందు అల్మరా లోతున పార్టిషన్ కట్టి సమానత్వం చెడగొట్టినా చాలు. కింది లెక్కలకి మన ఇళ్లలో ఎక్కువగా దొరికే 12×10×10 గదినే తీసుకుందాం.

4. శబ్దం లోపలికి రాకుండా

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. బయటి శబ్దాన్ని ఆపడం ఒక పని, లోపలి ప్రతిధ్వనిని తగ్గించడం వేరే పని. మొదటిదానికి బరువు కావాలి, గాలి దూరని బిగువు కావాలి. రెండోదానికి మెత్తగా, గాలి ఆడేలా ఉండే పదార్థం కావాలి. గోడ నిండా స్పాంజి అంటించి ‘సౌండ్ ప్రూఫ్ చేశాం’ అంటే అది తప్పు, స్పాంజికి బరువే లేదు. గుడ్ల అట్టలు ఈ రెండు పనుల్లో ఏదీ సరిగా చేయవు, పైగా నిప్పు అంటుకుంటే ఆగవు.

గోడలో నూటికి ఒక వంతు కన్నం ఉన్నా 50 డెసిబెల్స్ ఆపే గోడ 20 మాత్రమే ఆపుతుంది. అందుకే ముందు వెంటిలేటర్లు ఇటుక, సిమెంటుతో మూసి రెండు వైపులా పూత వేయించండి. వీధి వైపు కిటికీ కూడా ఇటుకతో కట్టేయడమే మేలు. స్విచ్ బోర్డు పెట్టెలు గోడకి రెండు వైపులా ఒకే చోట వీపులు ఆనించుకుని ఉంటే ఒకదాన్ని పక్కకి జరపండి.

గోడ 4.5 అంగుళాలదే అయితే లోపల ఇంకో గోడ కట్టాలి. పాత గోడకి అంగుళం ఎడంగా, దాన్ని ఎక్కడా తాకకుండా జింకు పూసిన ఇనప కమ్మీల (జీఐ స్టడ్) ఫ్రేము నిలబెట్టండి. మధ్యలో 50 మి.మీ. రాక్ వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పలక), ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రతది. దాని మీద 12.5 మి.మీ. జిప్సం బోర్డు రెండు పొరలు, మొదటి పొర అతుకు మీద రెండో పొర అతుకు పడకుండా. బోర్డు అంచుకీ నేలకీ, బోర్డుకీ స్లాబుకీ మధ్య 10 మి.మీ. సందు వదిలి, ఆరినా బిగుసుకోని సీలెంటుతో నింపాలి. మేస్త్రీలు అలవాటుగా అక్కడ పుట్టీ కొడతారు. పుట్టీ ఆరుతుంది, పగుళ్లిస్తుంది, శబ్దం దూరుతుంది. ఆ రోజు దగ్గరుండి చూసుకోండి.

తలుపుకి 45 మి.మీ. మందమున్న, లోపల బోలు లేని ఫ్లష్ డోరు కావాలి. బరువు ఎక్కువ కాబట్టి నాలుగు బందులు పెట్టించండి. ఫ్రేము చుట్టూ రబ్బరు గాస్కెట్ రెండు వరసలు. కింద సందు చాలామంది మరిచిపోయే చోటు. మన పాత ఇళ్లలో తలుపు గడపకి ఆనుకుని మూసుకునేది. స్టూడియోకి అదే పద్ధతి మళ్లీ కావాలి. కాలికి తగలని అర అంగుళం ఎత్తు గడప, రెండు వైపులా వాలుగా చెక్కించి, తలుపు దానికి రబ్బరుతో ఆనేలా చేయించండి. చక్రాల కుర్చీ కూడా దాటుతుంది. గడప అసలే వద్దనుకుంటే తలుపు మూయగానే కిందికి దిగే డ్రాప్ సీల్ పెట్టించాలి. ఒక తలుపు కంటే రెండు మేలు: మధ్యలో 4 అడుగుల చిన్న నడవ, దాని గోడలకి రాక్ వూల్ ప్యానెళ్లు. ఒకటి మూశాకే ఇంకోటి తీసేలా అలవాటు చేయండి.

కంట్రోల్ గదికీ స్టూడియోకీ మధ్య అద్దం రెండు పలకలుగా ఉండాలి, మందాలు వేరువేరుగా: ఒకటి 6 మి.మీ., ఇంకోటి 10 మి.మీ. ఒకే మందమైతే రెండూ ఒకే స్వరం దగ్గర కలిసి ఊగి, ఆ స్వరాన్ని దాటనిస్తాయి. మధ్య ఎడం కనీసం 4 అంగుళాలు. ఒక అద్దాన్ని 5 నుంచి 7 డిగ్రీలు వంచితే లైట్ల ప్రతిబింబం కళ్లలో పడదు. సముద్రపు తేమ ఉన్న ఈ ఊళ్లలో ఏసీ వేయగానే అద్దాల మధ్య ఆవిరి పడుతుంది. అద్దాలు మూసే రోజు లోపల పూర్తిగా తుడిచి, అడుగున సిలికా జెల్ నింపిన సన్నటి తొట్టి పెట్టండి. ఒక అద్దం విప్పేలా బీడింగు స్క్రూలతో ఉండాలి. మేకులు కొడితే మళ్లీ తుడిచే దారి ఉండదు.

5. ఏసీ

గది బిగించాక గాలి బయటికి పోదు, వేడీ పోదు. ఏసీ పెడితే దాని చప్పుడు. చిన్న స్టేషన్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. గోడ మీద మామూలు స్ప్లిట్ ఏసీ బిగిస్తే 35 నుంచి 45 డెసిబెల్స్ రొద మైకు నెత్తిన ఉంటుంది. ప్రెజెంటర్ మైకు తెరిచినప్పుడల్లా ఏసీ ఆపి, పాట రాగానే మళ్లీ వేయడం కొన్నిచోట్ల కనపడుతుంది. ఎండాకాలంలో అరగంటకే గది ఉక్కపోసి చెమట స్క్రిప్టు మీద కారుతుంది.

ఇండోర్ యూనిట్ నడవలోనో, పక్క గది ఫాల్స్ సీలింగు పైనో పెట్టి, డక్టుతో గాలి తేవాలి. డక్టు లోపల 25 మి.మీ. అకౌస్టిక్ లైనింగు, మధ్యలో కనీసం రెండు మలుపులు. స్లాబు కింద నేరుగా ఉన్న మన గదికి 1.5 టన్నులు అనుకుంటే గాలి నిమిషానికి 600 ఘనపుటడుగులు. గాలి నిమిషానికి 400 అడుగుల వేగం దాటకూడదు కాబట్టి గ్రిల్‌లో గాలి పోయే ఖాళీ 1.5 చదరపు అడుగులు ఉండాలి, తిరిగి వెళ్లే దారిలో కూడా అంతే. చిన్న గ్రిల్ పెట్టి గాలిని పిండితే బుస్సుమని ఈల వేస్తుంది. బయటి నుంచి తాజా గాలి కొంత ఆ డక్టులో కలపండి. ముగ్గురు కూర్చుని గంట చర్చ నడిపితే ఆవలింతలు మొదలయ్యేది గాలి మారకే.

అవుట్‌డోర్ యూనిట్ స్టూడియో గోడకి బిగించొద్దు. రబ్బరు ప్యాడ్ల మీద, దూరంగా. డ్రెయిన్ పైపు వాలు సరిగా లేకపోతే నీళ్లు ఫాల్స్ సీలింగులో చుక్కలుగా పడతాయి, ఆ టపటప కూడా ప్రసారమవుతుంది.

6. కరెంటు, ఎర్తింగు, తీగలు

మిక్సర్, కంప్యూటర్లు, ట్రాన్స్‌మిటర్ ఒక ఫేజు మీద, ఏసీలు, మోటార్లు ఇంకో ఫేజు మీద. సాంకేతిక లోడు చిన్న స్టేషనులో 800 నుంచి 900 వాట్లు వస్తుంది. దానికి 2 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్, 12 వోల్టుల 65 ఆంపియర్-అవర్ బ్యాటరీలు ఆరు ఉంటే మూడు గంటలకి పైగా నడుస్తుంది. తుపాను రోజుల్లో జనం రేడియో వైపు చూసేదే కరెంటు పోయినప్పుడు కాబట్టి దీనికి జనరేటరు కూడా తోడు కావాలి. జనరేటరు కాంపౌండు గోడ దగ్గర, వరద నీరు అందని దిమ్మ మీద.

ఎర్తింగు 1 ఓము లోపు రావాలి. తీరప్రాంతపు ఉప్పు నేలలో విద్యుత్తు బాగానే దిగుతుంది గానీ జీఐ పైపుని ఆ ఉప్పే తినేస్తుంది. రాగి ఎలక్ట్రోడు, 25×3 మి.మీ. రాగి పట్టీ వాడండి. పరికరాలన్నీ ర్యాకులోని ఒకే రాగి పట్టీకి కలవాలి, నక్షత్రం ఆకారంలో. ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసులా వేస్తే ‘హమ్’ అనే గుర్రు వస్తుంది, దాన్ని వెతకడానికి వారం పడుతుంది. మాస్టు పిడుగు ఎర్తుకి గుంత వేరేగా తీసినా, నేలలో అన్ని ఎర్తులనీ పట్టీతో కలపాలి. లేకపోతే పిడుగు పడ్డప్పుడు రెండు ఎర్తుల మధ్య వోల్టేజి తేడా మిక్సర్ గుండా దారి వెతుక్కుంటుంది. యాంటెన్నా కేబులు ఇంట్లోకి వచ్చే చోట పిడుగు వోల్టేజిని నేలకి మళ్లించే సర్జ్ అరెస్టర్ తప్పనిసరి.

ఆడియో తీగలు, కరెంటు తీగలు అడుగు ఎడంగా పోవాలి. దాటక తప్పని చోట అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో దాటించండి. స్టూడియో నుంచి కంట్రోల్‌కి 2 అంగుళాల పీవీసీ పైపులు రెండు, ర్యాకుకి రెండు. ప్రతిదాంట్లో లాగుడు తాడు ఒకటి వదిలి, తీగలు వేశాక రెండు కొసలూ రాక్ వూల్, సీలెంటుతో మూయండి. ఆ పైపు కూడా కన్నమే.

7. ప్రతిధ్వని తగ్గించడం

మాట స్టూడియోలో ప్రతిధ్వని 0.3 సెకన్లకి మించకూడదు. లెక్క ఇలా: మన గది ఘనపరిమాణం 1200 ఘనపుటడుగులు. దాన్ని ఈ లెక్కకి వాడే స్థిరాంకం 0.049తో హెచ్చించి 0.3తో భాగిస్తే 196. అంటే శబ్దాన్ని పూర్తిగా పీల్చే ఉపరితలం 196 చదరపు అడుగులకి సమానంగా కావాలి. పైన 120 చదరపు అడుగుల మినరల్ ఫైబర్ టైల్స్ తమ మీద పడ్డ శబ్దంలో 0.7 వంతు పీల్చి 84 ఇస్తాయి. తివాచీ, కుర్చీలు, మనుషులు కలిసి 20. మిగిలిన 92కి, 0.9 పీల్చే ప్యానెళ్లు 102 చదరపు అడుగులు, అంటే 4×2 అడుగులవి 13.

ప్యానెలు మన వడ్రంగే చేయగలడు. 2 అంగుళాల చెక్క ఫ్రేము, లోపల 50 మి.మీ. రాక్ వూల్, దాని నూగు రాలకుండా పల్చటి టిష్యూ, పైన గుడ్డ. గుడ్డ ఎంచుకునేటప్పుడు నోటికి ఆనించి ఊదండి. ఊపిరి అవతలికి సులువుగా వెళ్తే పనికొస్తుంది. చీరాల, వెంకటగిరి వైపు మగ్గాల మీద నేసిన ముతక నూలు గుడ్డ ఈ పరీక్షలో నెగ్గుతుంది, చూడ్డానికీ మన ఊరి గదిలా ఉంటుంది. రెక్సిన్ నెగ్గదు. నిప్పు పట్టని మందులో ముంచి ఆరబెట్టిన తర్వాతే బిగించండి. ప్యానెలు గోడకి 2 అంగుళాలు ఎడంగా నిలిపితే లోతు స్వరాలు కూడా కొంత పీలుస్తుంది. మూలల్లో నేల నుంచి పైదాకా 6 అంగుళాల మందం రాక్ వూల్ పెడితే ఆ కుండ గొంతు తగ్గుతుంది. 13 ప్యానెళ్లూ ఒకే గోడకి కొట్టకుండా, ఎదురెదురు గోడల్లో ఒకదానికి ఉన్నచోట రెండోదానికి ఖాళీ వచ్చేలా చెదరగొట్టండి. గది మొత్తం కప్పేస్తే గొంతు చచ్చిపోయి ప్రెజెంటర్ అరవడం మొదలుపెడతారు.

చీమకుర్తి నల్ల గ్రానైటు మనకి గర్వమే, రిసెప్షన్ కౌంటరు మీద ఎంత బాగుంటుందో! స్టూడియోలో మాత్రం నేలకీ బల్లకీ వద్దు. నునుపు రాయి మాటని అద్దంలా తిప్పికొడుతుంది. నేల ఇప్పటికే గ్రానైటుదైతే 6 మి.మీ. తివాచీ పరిస్తే సరి.

కాలం చూసుకుని పని పట్టండి. జనవరిలో మొదలుపెడితే వానల్లోపు అన్నీ ఆరిపోతాయి. నవంబరు తడిలో రాక్ వూల్ మూసేస్తే సంక్రాంతికి గుడ్డ మీద బూజు మచ్చలు కనపడతాయి. చెక్కపొడితో చేసే ఎండీఎఫ్ పలక వద్దు, తేమకి ఉబ్బుతుంది. నీళ్లకి చెడని బీడబ్ల్యూపీ ప్లైవుడ్ వాడి, చెద మందు ముందే కొట్టించండి.

8. బల్ల, మైకు, వెలుగు

బల్ల 29 అంగుళాల ఎత్తు, గుర్రపు నాడా ఆకారం. పైన ఫెల్టు కానీ మందపాటి గుడ్డ కానీ. అతిథి వేళ్లతో బల్ల మీద తాళం వేసినా మైకులో పడకూడదు. మైకు స్టాండు బల్ల పలకకి కాక కాళ్ల ఫ్రేముకి బిగించండి. కుర్చీ కొనే ముందు కూర్చుని అటూ ఇటూ కదలండి, కిర్రుమంటే వద్దు. గది అంతంతమాత్రంగా ఉంటే కండెన్సర్ మైకు కంటే డైనమిక్ కార్డియాయిడ్ మైకు ఎంచుకోండి, అది దగ్గరి గొంతునే ఎక్కువ పట్టుకుంటుంది.

మైకు తెరవగానే స్పీకరు మూగబోవాలి, తలుపు పైన ఎర్ర లైటు వెలగాలి. ఈ రెండూ మిక్సర్ రిలేతో (దానంతటదే పనిచేసే స్విచ్చు) జరగాలి, మనిషి గుర్తుపెట్టుకునే స్విచ్చుతో కాదు. లైట్లు 4000 కెల్విన్, స్క్రిప్టు మీద 400 లక్స్ దాకా. చవక ఎల్ఈడీ డ్రైవర్లు, డిమ్మర్లు ఆడియోలోకి జిర్రుమనే చప్పుడు తెస్తాయి. కొనే ముందు ఒకటి వెలిగించి, పక్కన ఎఫ్ఎం సెట్టు పెట్టి వినండి.

9. మిగతా ఆఫీసు

రొయ్యల రైతు, మత్స్యకార మహిళ, వరి గురించి చెప్పే శాస్త్రవేత్త వస్తారు. చాలామందికి మైకు ముందు మొదటిసారి. స్టూడియో బయట నాలుగు కుర్చీలు, మంచినీళ్లు, చెప్పులు వదిలే చోటు, గోడ మీద ఒక చిన్న స్పీకరు ఉంటే పది నిమిషాల్లో వాళ్ల గొంతు కుదుటపడుతుంది. రాత్రి షిఫ్టు చేసే ఆడవాళ్లకి గడియ ఉన్న విశ్రాంతి గది, స్టూడియో అంతస్తులోనే బాత్రూము ఉండాలి. ప్రసారాల రికార్డింగు మూడు నెలలు దాచాలన్న నియమం కమ్యూనిటీ రేడియోకి ఉంది. రోజుకి 18 గంటలు, 128 కేబీపీఎస్ ఎంపీ3 లెక్కన అది 93 జీబీ. పెద్ద ఖర్చేమీ కాదు, రెండు డిస్కులు రెండు వేరే గదుల్లో పెట్టండి. మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఒకటి ర్యాకు దగ్గర, ఒకటి నడవలో.

10. అప్పగింత పరీక్షలు

ప్యానెళ్లు బిగించక ముందే, చీకటి పడ్డాక స్టూడియోలో గట్టి లైటు వేసి బయటి నుంచి తలుపు, కిటికీ అంచులు చూడండి. వెలుగు వచ్చిన చోటల్లా శబ్దం వస్తుంది. తలుపు సందున కాగితం పెట్టి మూసి లాగండి. చుట్టూ అన్ని చోట్లా బిగువుగా రావాలి. అగరుబత్తి వెలిగించి అంచుల వెంబడి తిప్పితే పొగ ఎటు లాక్కుపోతుందో కన్నం అక్కడ. మేస్త్రికి చివరి బిల్లు ఈ మూడూ అయ్యాకే ఇవ్వండి.

ప్యానెళ్లయ్యాక గది మధ్యలో చప్పట్లు కొట్టండి. ‘టింగ్’ మని మోగితే ఎదురెదురు ఖాళీ గోడలు మిగిలాయని గుర్తు. ఆ తర్వాత ఏసీ, లైట్లు, కంప్యూటర్లు అన్నీ వేసి, మైకు తెరిచి, ఎవరూ లేకుండా 60 సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో వినండి. వినపడిన ప్రతి చప్పుడుకీ పేరు రాసి ఒక్కోటీ సరిచేయండి. చివరి రికార్డింగు మీద తేదీ, గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచామన్న) అంకె వేసి దాచండి. ఆర్నెల్లకోసారి అదే చోట, అదే గెయిన్‌తో మళ్లీ తీసి పోల్చితే గాస్కెట్ రబ్బరు గట్టిపడ్డదీ, ఏసీ బేరింగు అరగడం మొదలైందీ అందులో ముందే దొరుకుతాయి.